మంచమంత ఎత్తు

సముద్రం పడని మనిషి మత్స్యకారుల ఇంట్లో పుడితే పేటలో వాడికి రెండే దారులు. ఒడ్డున కూర్చుని చినిగిన వలలు కుట్టుకోవడం, లేదా ఊరు వదిలిపోవడం. సూరయ్య మూడో దారి వెతుక్కున్నాడు. కారు తోలాడు.

భోగాపురం దాటి తూర్పుకి తిరిగితే, తారు రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట వాళ్ల పేట. పదహారో ఏట తండ్రి అతన్ని తెప్ప ఎక్కించుకుని వేటకు తీసుకెళ్లాడు. మూడు రోజులు వెళ్లాడు, మూడు రోజులూ కక్కుతూనే ఉన్నాడు. నాలుగో రోజు తండ్రి అతన్ని ఒడ్డునే వదిలేసి, "నువ్వు గెట్టు మీదే బతుకురా ఒరే. గంగమ్మకి నువ్వక్కర్నేదంట" అన్నాడు. పేటంతా నవ్వింది. ఆ నవ్వు వినలేక విజయనగరం వెళ్లి లారీ క్లీనరుగా చేరాడు. తర్వాత డ్రైవరయ్యాడు. నలభై ఏళ్లు వచ్చేసరికి పాతదే అయినా ఒక అంబాసిడర్ కొనుక్కుని, దాన్ని తోలుకుంటూ తిరిగి పేటలోకే వచ్చాడు. తొంభై మూడు మోడలు, డీజిలు బండి, తెల్ల రంగు.

ఆ బండికి పెళ్లి బేరం ఒక్కటీ రాలేదు. ఎందుకంటే మొదటి రోజు నుంచే అందులో చేపలు ఎక్కాయి. తెల్లవారుజామున పడవలు రాగానే సూరయ్య భార్య అమ్మడు, ఆమె తోటివాళ్లు ముగ్గురూ గంపలు డిక్కీలో పెట్టి, వెనక సీట్లో ఇరుక్కుని విజయనగరం బజారుకి బయలుదేరేవారు. శుక్రవారం అయితే చీపురుపల్లి సంత దాకా. మంచు నీళ్లు కారి డిక్కీ అడుగు తుప్పు పట్టింది. ఇరవై ఏళ్ల బరువుకి, బండిని మోసే వెనక కమాన్ల ఇనుప పట్టీలు వంపు పోయి రూళ్ల కర్రల్లా సాఫు అయిపోయాయి. బండి వెనక భాగం నేల మీదకి దిగబడి, ముందు భాగం ఆకాశం చూస్తూ ఉండేది. దాన్ని బాగుచేయించాలని సూరయ్యకు ఎప్పుడూ అనిపించలేదు. చేపలకి ఎత్తెందుకు?

రెండేళ్ల కిందట అమ్మడికి కాళ్లు పొంగాయి. మూత్రపిండాలు రెండూ పోయాయన్నారు. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, విజయనగరం ఆసుపత్రిలో నాలుగు గంటలు పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ మరుసటేడు ఒడ్డున తడి ఇసక మీద గంపతో సహా జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అతకలేదు. అప్పటినుంచి ఆమె వసారాలో మంచం మీదే ఉంది. సూరయ్యే ఆమెను రెండు చేతుల మీదా ఎత్తి కారులో కూర్చోబెట్టేవాడు, ఆసుపత్రి దగ్గర ఎత్తి చక్రాల కుర్చీలోకి దింపేవాడు. ఒక్కగానొక్క కొడుకు నాగబాబు గుజరాత్ వెళ్లి వేరావల్ బోట్ల మీద పనిచేస్తున్నాడు. ఏడాదికి పది నెలలు వాడికి నేల కనిపించదు.

ఈ ఏడాది వానాకాలం చివర్లో సూరయ్యకు పొట్ట కింద పేగు జారి ఆపరేషను చేశారు. ఇక బిందెడు నీళ్లు కూడా ఎత్తొద్దన్నారు డాక్టరు. పక్కింటి మగవాళ్లు, "మాము నేమా, మాము ఎత్తుతాం" అని ముందుకొచ్చారు. అమ్మడు వాళ్లను గుమ్మం దగ్గరే ఆపేసింది.

"ముప్పయ్యేళ్లు గంప మోసాను మావా," అంది మొగుడితో. "మోకాల మీద కూకుని నాకు నానే నెత్తికెత్తుకున్నాను. ఓలప్పా, ఓ సెయ్యెయ్యవే అని ఒకర్తిని అడగనేదు. ఇప్పుడు నలుగురు మగోల్లొచ్చి నన్ను సొరసేపలాగ మోత్తారా? అలగైతే నాను రాను. రక్తం కడక్కపోతే కడక్కపోనీ."

అన్నంత పనీ చేసింది. ఆ సోమవారం వెళ్లలేదు. బుధవారానికి ఊపిరి అందక, ఒళ్లంతా నీరు పట్టి, మంచం పట్టె పట్టుకుని కూర్చునే ఉండిపోయింది. గురువారం సూరయ్య ఎవరికీ చెప్పకుండా పొట్ట చుట్టూ తువ్వాలు బిగించుకుని ఆమెను ఎత్తాడు. కుట్ల దగ్గర రక్తం వచ్చింది. వరసగా రెండుసార్లు తప్పితే ఆమె బతకదని, తను రెండోసారి ఎత్తితే తనూ లేవడని ఆ రోజు అతనికి తెలిసింది.

దారి ఆసుపత్రిలోనే దొరికింది. అక్కడ నర్సు అమ్మడిని కుర్చీలోంచి మంచం మీదకి ఎత్తదు. రెండింటి మధ్యా నున్నటి పలక ఒకటి వేస్తుంది. అమ్మడు చేతులు ఆన్చి, దాని మీద జరుగుతూ తనే అవతలికి వెళ్తుంది. కుర్చీ, మంచం ఒకే ఎత్తులో ఉండటం వల్ల అది కుదిరింది. సూరయ్య ఇంటికొచ్చి కర్రతో కొలిచాడు. ఇంట్లో మంచం కూడా ఆసుపత్రి కుర్చీ అంతే ఉంది. కారు సీటు మాత్రం దానికి జానెడు తక్కువ.

"మంచం కోళ్లు కోసీరాదా బావా?" అంది గురమ్మ. ఆమె అమ్మడి జట్టులో చేపలమ్మే మనిషి, సూరయ్యకు మరదలు వరస.

"ఇక్కడ కోస్తాను. ఆసుపత్రిలో కుర్సీ కోళ్లు ఎవలు కోస్తారే?"

"అయితే బండినే లేపు మరి."

అలా అతను మంచం ఎత్తుకి సరిగ్గా కోసిన సర్వి కర్ర ఒకటి ముందు సీట్లో పెట్టుకుని గరివిడి బయలుదేరాడు.

గరివిడిలో జగన్నాధం మేస్త్రీ దగ్గరకి వెళ్లని లారీ ఆ చుట్టుపక్కల లేదు. ఎప్పుడో కార్ఖానా లారీలకి కమాన్లు కొట్టడం మొదలుపెట్టి, ఇప్పటికీ కొలిమి ముందే ఉన్నాడు. ప్లేటు మీద చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసి, ఆ మోత విని, ఇనుములో ఇంకా ప్రాణం ఉందో లేదో చెప్పగలడు. అంబాసిడర్ చుట్టూ ఒకసారి తిరిగి ముక్కు మూసుకున్నాడు.

"ఏటి, దీని ఎనకభాగం ఇలగ కూకుండిపోనాది? బురదలో ముసిలి గేదెలాగ."

"ఇరవయ్యేళ్లు సేపలు మోసింది మేస్త్రీ."

"అది నువ్వు సెప్పక్కర్నేదులే. ఎంత లేపమంటావు?"

సూరయ్య కర్ర ఇచ్చాడు. "సీటు దీనంత ఎత్తుకి రావాల. మనుషులు ఎక్కకముందు కొలత."

"టేపు నేదేటి నీకాడ? కర్ర అట్టుకొచ్చినావు?" మేస్త్రీ నవ్వి, కర్రను చెవి వెనక బీడీలా దోపుకున్నట్టు అభినయించాడు. తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి అడిగాడు. "బండి ఏ బరువుతో తిరుగుతాది? అది సెప్పు ముందర. నిండుగానా, కాళీగానా? ఎత్తు ఎలగైనా తెస్తాను. ఎన్ని ప్లేట్లు ఎయ్యాలన్నది బరువుని బట్టి ఉంటాది."

వాళ్ల పేటలో ఒక మాట ఎవరూ నోట రానివ్వరు. వేటకెళ్లిన పడవ చేప లేకుండా తిరిగొస్తే, ఖాళీగా వచ్చిందని అనరు. సుట్టంచూపుకి వెళ్లొచ్చిందంటారు. ఖాళీ అని ఒక్కసారి అంటే పడవ ఆ మాట పట్టుకుని ఊరుకుంటుందని భయం. సూరయ్య పడవను వదిలేశాడు గానీ ఆ భయం అతన్ని వదల్లేదు. బేరం లేని రోజున కూడా "బండి పడుకున్నాది" అనేవాడే తప్ప ఖాళీగా ఉందని అనలేదు. ఇప్పుడు ఆ బండిలో తను కాక ఒక్క మనిషే తిరుగుతోందని, ఆ మనిషి కూడా సగమైపోయిందని చెప్పడానికి నోరు పెగల్లేదు.

"నిండుగానే తిరుగుతాది మేస్త్రీ," అన్నాడు. "ఎనక నలుగురు. డిక్కీలో గంపలు."

మేస్త్రీ రెండు రోజులు పనిచేశాడు. పాత కట్టలు విప్పి, ఒక్కో ప్లేటూ కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి వంపు తెచ్చి, నూనెలో ముంచాడు. ఒక్కో పక్క రెండేసి కొత్త ప్లేట్లు చేర్చి బోల్టులు బిగించాడు. జాకీ దింపాక సర్వి కర్ర తెచ్చి సీటు పక్కన నిలబెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"లైట్లు సరి సేసుకో," అన్నాడు. "ఎనక లేస్తే ముందర వంగుతాది. నేకపోతే నీ లైట్లు నీ కాల ముందరే పడతాయి."

బండి పేటలోకి వచ్చేసరికి వలల దగ్గర కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. "ఏటి బావా, బండి గంగమ్మకి దండం పెడతన్నాది?" అని ఒకడు అరిచాడు. సూరయ్య నవ్వలేదు. వసారా ముందు ఇటుక ముక్కలు దిమ్మిస చేసి చదును చేసిన చోట బండి ఆపి, వెనక తలుపు తెరిచి, మంచం పట్టె మీంచి సీటు మీదకి పలక వేశాడు. కొత్తగా చిత్రిక పట్టించిన వేప పలక.

అమ్మడు చాలాసేపు దాన్ని చూసింది. "దూరంగా ఉండండి. ఎవలూ నన్ను ముట్టొద్దు," అంది. రెండు చేతులూ ఆన్చి, నడుము కొంచెం లేపి, బెత్తెడు జరిగింది. ఆగింది. మళ్లీ బెత్తెడు. చెమటలు కక్కుకుంటూ, పళ్లు బిగించి, పావుగంటలో సీటు మీదకి చేరింది. చేరి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆసుపత్రి రోజు కాకపోయినా, "ఏటి సూత్తావు? తోలు, సముద్రం దాకా ఎల్లొద్దాం" అంది. రెండేళ్లలో సూరయ్య ఆమె నోట విన్న మొదటి కోరిక అది.

ఆ సంతోషం మొదటి సోమవారం దాకానే.

పేట నుంచి విజయనగరానికి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. దారిలో పద్నాలుగు చోట్ల వేగం తగ్గించడానికి రోడ్డుకి అడ్డంగా పోసిన దిబ్బలున్నాయి. మొదటి దిబ్బ దగ్గర బండి వెనక భాగం ఎగిరి కింద పడింది. నలుగురు మనుషులూ నాలుగు గంపలూ మోయడానికి బిగించిన కమాన్లు అవి. వాటికి అమ్మడు ఒక బరువే కాదు. ఎంత మెల్లగా తోలినా గతుకు గతుకుకీ ఆమె ఎముకల్లోకి గుద్దు తగులుతోంది. సూరయ్య అద్దంలో చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కిటికీలోంచి బయటకి చూస్తోంది.

"నొప్పిగా ఉన్నాదా?"

"రోడ్డు సూసి తోలు."

రెండు వారాలు ఆమె ఏమీ చెప్పలేదు. చెప్పింది నర్సు. ఆమె పేరు సుహాసిని. చీర సర్దబోతూ నడుము మీద, వీపు మీద నల్లగా కమిలిన మచ్చలు చూసింది. "పడిపోయావా అమ్మా?" అని అడిగింది.

"నేదమ్మా. బండెక్కాను," అంది అమ్మడు.

నర్సు సూరయ్యను బయటకి పిలిచింది. ఈ జబ్బువాళ్లకి చిన్న దెబ్బకే లోపల రక్తం చిమ్ముతుందని, ఇలా అయితే ప్రమాదమని చెప్పింది. అతను ఆ మధ్యాహ్నమే అమ్మడిని ఇంట్లో దింపి గరివిడి వెళ్లాడు.

జగన్నాధం డిక్కీ మీద రెండు చేతులూ పెట్టి, తన బరువంతా వేసి నొక్కాడు. బండి కదల్లేదు. ఆయన మొహం మారింది.

"ఎందరెక్కుతన్నారు ఇందులో?"

"ఒకర్తే మేస్త్రీ." సూరయ్య నేల చూశాడు. "మా ఆడది. ఆసుపత్రికి. నలభై రెండు కేజీలు."

"ఓరి నీ... నానడిగాను గదరా! నోరిప్పి అడిగాను గదా!" మేస్త్రీ చేతిలో ఉన్న పానా విసిరికొట్టాడు. "నువ్వు సెప్పిన బరువుకి కట్టాను. నువ్వు అబద్దం సెప్తే కమాను నిజం సెప్తాదేటి?"

కాసేపటికి ఆయనే పానా వెతికి తెచ్చుకుని, సూరయ్య పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించి, "ప్లేట్లు తీసేస్తే మెత్తగా అవుతాది. కానీ మళ్లీ కూకుండిపోతాది. ఈ పాత ఇనుంలో అంతకన్నా నేదు. ఎత్తు కావాలా, మెత్తన కావాలా, సూసుకో" అన్నాడు. లేచి వెళ్తున్న సూరయ్యను మళ్లీ పిలిచాడు. "ఒక పని సెయ్యొచ్చు. ఆవిడ ఎక్కినాక బరువెయ్యి. దిగీ ముందర తీసీ."

ఆ బరువు గురమ్మ తెచ్చింది. సంగతి విని, "మాము సచ్చిపోయామేటి?" అని సూరయ్యను తిట్టింది. అమ్మడు మంచాన పడ్డాక వాళ్లు గంపలు ఆటోలో తీసుకెళ్తున్నారు. ఆ గురువారం నుంచి ఆటో మానేశారు. అమ్మడు పలక మీద జరిగి సీట్లో కుదురుకునేదాకా ముగ్గురూ గంపలు పట్టుకుని నిలబడేవారు. తర్వాత గంపలు డిక్కీలోకి, ఇద్దరు ఆమె పక్కకి, ఒకరు ముందుకి. బండి నిట్టూర్చినట్టు కిందకి దిగేది. దిబ్బల మీద మెత్తగా ఊగుతూ వెళ్లేది. ఆసుపత్రి గేటు దగ్గర వాళ్లు దిగి గంపలు దించుకోగానే మళ్లీ కుర్చీ ఎత్తుకి లేచేది. మధ్యాహ్నం అమ్మకాలు ముగించుకుని వచ్చి, మళ్లీ ఎక్కి కూర్చునేవారు.

"సేపల బండి లోనకి తేవొద్దన్నానా?" అని గేటు దగ్గర కాపలావాడు అరిచేవాడు.

"నీ ఆసుపత్రి వాసన మాము పట్టించుకున్నామేట్రా?" అనేది గురమ్మ.

అమ్మడు వాళ్ల మధ్యలో కూర్చుని ఏ చేప ఎంతకి పోయిందో అడిగేది. తక్కువకి అమ్మారని తిట్టేది. "నానుంటే ఆ వంజరం అలగ వదిలీదాన్నా?" అనేది. కమిలిన మచ్చలు పసుపు పచ్చగా మారి తగ్గాయి. శీతాకాలమంతా, శివరాత్రి దాటేదాకా అలాగే గడిచింది. సూరయ్య జీవితంలో ఆ బండి ఒకరి ప్రాణం మోసుకెళ్లిన రోజులు అవి. ఆ సంగతి అతనికి తెలుసు. ఇది ఎప్పుడు ఆగిపోతుందోనని రోజూ భయపడేవాడు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు పడవలు కదలవు. చేపలు లేవు. గురమ్మ వాళ్లు రెండు వారాలు ఉత్తినే వచ్చారు. పొద్దున్నే ఎక్కడం, ఆసుపత్రి చెట్టు కింద నాలుగు గంటలు కూర్చోవడం, తిరిగి రావడం. ఆ రెండు నెలలూ వాళ్లకి ఉపాధి పనే తిండి. చెరువు పనికి పొద్దున్నే వెళ్లి పేరు వేయించుకోకపోతే ఆ రోజు కూలి లేదు. వాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతోందో అమ్మడికి తెలుసు. మూడో వారం ఆమే వాళ్లను కేకలేసి పంపేసింది. "నా ఒక్కర్తి ఎముకల కోసం మీ పిల్లలు పస్తులుండాలా? ఎల్లండే!"

సూరయ్య డిక్కీలో ఇసక పోయడానికి చూశాడు. ఆమె ఎక్కాక చిన్న డబ్బాతో ఒడ్డు ఇసక తెచ్చి పోసేవాడు. నలభై డబ్బాలు పోస్తే గానీ బండి దిగలేదు. రెండోసారికే పొట్ట పట్టుకుని చక్రం పక్కన కూలబడ్డాడు.

"మావా, ఆపీ," అంది అమ్మడు లోపల్నించి. "నీ కుట్లు తెగితే నన్నెవలు తోలుతారు?"

"అయితే ప్లేట్లు తీయించీసొస్తాను. మెత్తగా ఎల్దువు. గురమ్మ, నానూ కలిసి ఎత్తుతాం. గురమ్మ పరాయిదేటే?"

అమ్మడు ఆలోచించింది. అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎత్తు ఉండనీ," అంది.

ఆ ఎండల్లో ఇంకో మూడు వారాలు ఆమె అలాగే వెళ్లింది. పద్నాలుగు దిబ్బలూ పేర్లు పెట్టినట్టు గుర్తు పెట్టుకుని, ఒక్కోటి రాబోయే ముందు తలుపు పట్టుకునేది. మచ్చలు మళ్లీ వచ్చాయి. ఈసారి చేతుల మీద కూడా. నర్సు ఒక దిండు ఇచ్చి పంపింది.

మే నెల చివరి గురువారం. అప్పటికే ఉక్కపోతగా ఉంది. సూరయ్య ఇంజను ఆన్ చేసి ఉంచి పలక వేశాడు. పనికి వెళ్తూ గురమ్మ వసారా దగ్గర ఆగింది. అమ్మడు చేతులు ఆన్చి బెత్తెడు జరిగింది. మళ్లీ బెత్తెడు. పలక మధ్యకి వచ్చాక ఆమె మోచేతులు వణికి మడతపడ్డాయి. అటు సీటు మీదా లేదు, ఇటు మంచం మీదా లేదు.

"అమ్మడూ, పట్టుకుంటాను," అన్నాడు సూరయ్య.

"వద్దు."

గురమ్మ ఒక అడుగు ముందుకేసి, ఆమె కళ్లు చూసి ఆగిపోయింది. అమ్మడు ఇంకోసారి చేతులు ఆన్చింది. అరచేతుల కింద పలక తడిసిపోయింది. నడుము లేవలేదు. మళ్లీ ఆన్చింది. మళ్లీ. ఇంజను పొగ వసారాలోకి వస్తోంది. సూరయ్య రెండు చేతులూ ముందుకు చాపి, ఆమెకు తగలకుండా, గాలిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె తల పైకెత్తి సీటు వైపు ఒకసారి చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది.

"ఎత్తు సరిగ్గానే ఉన్నాది మావా. మేస్త్రీనేటీ అనకు," అంది. "నా సేతులే కాళీ అయిపోనాయి."

సూరయ్య ఉలిక్కిపడి ఆమె నోటికేసి చూశాడు. పేటలో ఎవరూ అనని ఆ మాట తన నోట వచ్చినట్టు కూడా ఆమె గుర్తించలేదు.

"అటు కాదు. మంచం మీదకి జరుపు నన్ను," అంది. "పర్నేదు, ముట్టుకో."

గురమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూరయ్య అమ్మడి వీపు కింద చెయ్యి వేశాడు. ఆమెలో బరువే లేదు. పొట్ట కింద నొప్పి కూడా రాలేదు. మంచం మీద పడుకోబెట్టి, చీర సరిచేసి, ఆసుపత్రి దిండు తల కింద పెట్టాడు. ఆమె గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. అతను వెళ్లకుండా అక్కడే నిలబడి ఉండటం తెలిసి, కళ్లు తెరవకుండానే అంది.

"ఇంజను ఆపు మావా. డీజిలు దండగ."